గాజు పలక మీద మనుషులు: ఆఫ్రికాలో తొలి మిషనరీ ఫొటోలు

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారమండీ. ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది ఆఫ్రికాలో క్రైస్తవ మిషనరీలు తీసిన తొలి ఫొటోల గురించి. తొలి అంటే ఎప్పటివి? 1850ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా అనుకుందాం. ఆ కాలంలో ఆఫ్రికా లోపలి ఊళ్ళ నుంచి యూరప్‌కు చేరిన మనుషుల ముఖాల్లో చాలా భాగం మిషన్ బంగళా వరండాలో తీసినవే.

ఇంత దూరపు సంగతి మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. అంత దూరమేం కాదండీ. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీయే 1818లో మడగాస్కర్ వెళ్ళింది. రెండు చోట్ల కాగితాలూ ఇవాళ లండన్‌లో సోయాస్ గ్రంథాలయంలో ఒకే సేకరణగా ఉన్నాయి. బాసెల్ మిషన్ సంగతి చూడండి. మంగళూరు పెంకుల కర్మాగారాలు నడిపిన సంస్థ అది. దాని ఆర్కైవ్‌లో 'సి' అక్షరం కింద ఉన్నవి ఇండియావి, 'డి' కింద ఉన్నవి గోల్డ్ కోస్ట్‌వి, అంటే ఇవాళ్టి ఘనావి, 'ఇ' కింద ఉన్నవి కామెరూన్‌వి. మన దక్షిణాది మిషన్ ఫొటోలు చదవాలన్నా, ఘనా ఫొటోలు చదవాలన్నా కావలసిన విద్య ఒకటే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఈ ఫొటోలు చూడగానే మనకు రెండు రకాల తొందర పుడుతుంది. 'కెమెరా అబద్ధం చెప్పదు, అప్పటి ఆఫ్రికా ఇదే' అని ఒక తొందర. 'ఇదంతా తెల్లవాళ్ళ ప్రచారం, ఇందులో నిజమేముంది' అని రెండోది. ఏ తొందరలో పడినా ఫొటోను చూడటం మానేస్తాం. అది ఎలా తయారైందో అంచెలంచెలుగా విప్పాలి. ఫొటో పడే గాజు పలక ఎక్కడిది, దానిమీద పూసిన మందు ఏది, వెలుతురు ఎటు నుంచి పడింది, ఎవరు కూర్చోబెట్టారు, కింద మాట ఎవరు రాశారు. అలా విప్పితే, కెమెరా ముందున్న మనిషి తాను ఎలా కనబడాలనుకున్నాడో కూడా చాలాసార్లు దొరుకుతుంది. దొరుకుతుందా అని అడగకండి, దొరుకుతుంది. ఉదాహరణలతో చూపిస్తాను.

ముందు గాజు సంగతి. 1851లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని ప్రకటించాడు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళు అదే రాజ్యమేలింది. ఎలా చేస్తారో వినండి. దూదిని గంధకామ్లం, నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, దాన్ని ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగిస్తారు. అందులో అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలుపుతారు. పల్చని పాకంలాంటి ఆ ద్రవాన్ని శుభ్రం చేసిన గాజు మీద పోసి, నాలుగు మూలలకూ పారేలా గాజును వంచి, మిగిలింది సీసాలోకి వంపేస్తారు. పొర కొంచెం గట్టిపడగానే చీకటి గుడారంలో 7, 8 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో మూడు నాలుగు నిమిషాలు ముంచుతారు. తడి ఆరకుండా కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. తీసిన వెంటనే గుడారంలోకి పరుగెత్తి అన్నభేది (ఐరన్ సల్ఫేట్) ద్రావణం పోసి బొమ్మను తేల్చాలి. కడగాలి. హైపోతోనో పొటాషియం సయనైడ్‌తోనో మిగిలిన లవణాన్ని తీసేయాలి. మళ్ళీ కడగాలి. ఆరబెట్టి, వెచ్చజేసి, వార్నిష్ పట్టించాలి. ఇదంతా ఒక్క ఫొటోకండీ, ఒక్క ఫొటోకి!

గాజు మీద మందు పోసిన దగ్గర నుంచి బొమ్మ తేల్చేదాకా చల్లని ఇంగ్లండ్‌లో పది పదిహేను నిమిషాల వ్యవధి ఉంటుంది. ఉష్ణదేశంలో? ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. సీసా మూత తీస్తే చాలు, ఆవిరైపోతుంది. పొర ఒక మూల పాకుతుండగానే మరో మూల ఎండిపోతుంది. ఎండినచోట వెండి లవణం స్ఫటికాలు కట్టి మచ్చలు పడతాయి. దొరికిన నీళ్ళలో ఉప్పు ఉంటే వెండి తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది. సేంద్రియ మలినం ఉంటే గాజంతా మసక కమ్ముతుంది. గుడారం లోపల గాలి ఆడదు, ఈథర్ వాసనకు తల తిరుగుతుంది. చేతి చెమట ఒక్క చుక్క పడితే ఆ పలక పోయినట్టే. ఇక మోత. గాజు పలకలు, ఆమ్లాలు, తొట్లు, గుడారం, కెమెరా, దాన్ని నిలిపే ముక్కాలి స్టాండు. ఆఫ్రికా బిడారుల్లో ఒక మోతకూలీ తలకెత్తే బరువు సుమారు 60 పౌన్లు, అంటే 27 కిలోలు. ఫొటో సరంజామాకు ఒక్కడు చాలడు.

ఇవన్నీ ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నాను? ఈ ఇబ్బందులే ఫొటోలో ఎవరుండాలో నిర్ణయించాయి కాబట్టి. నీటి వసతి ఉన్నచోటే ఫొటో. నీడ ఉన్నచోటే గుడారం. అవి రెండూ ఎక్కడుంటాయి? మిషన్ ఆవరణలో. కాబట్టి ఫొటోలో పడేవాళ్ళు ఆవరణకు వచ్చేవాళ్ళు: విద్యార్థులు, వంటవాళ్ళు, బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు, మందుకోసం వచ్చినవాళ్ళు, ఆ ఊరి పెద్ద. పొలంలో పని చేసుకునే మనిషి, సంతకు పోయే మనిషి ఈ పలకల మీదికి రావడం అరుదు. కొన్ని సెకన్లపాటు కదలకూడదు కనుక నృత్యం లేదు, నవ్వు లేదు, పసిపిల్లల ముఖాలు చెరిగిపోయి ఉంటాయి. 'వీళ్ళ ముఖాల్లో భయం చూడండి' అని రాసేవాళ్ళు కనిపిస్తుంటారు. ఎనిమిది సెకన్లు కళ్ళార్పకుండా ఎండలోకి చూడమంటే మన ముఖాలు ఎలా ఉంటాయి? అదే కాలంలో లండన్ స్టూడియోలో తీసిన దొరల ముఖాలూ అలాగే బిగుసుకుని ఉంటాయండీ.

ఈ పద్ధతితో గెలిచి చూపినవాడు విలియం ఎల్లిస్. లండన్ మిషనరీ సొసైటీ మనిషి. 1853, 1854, 1856లలో మడగాస్కర్ వెళ్ళాడు. అప్పటి రాణి మొదటి రనవలోనా, క్రైస్తవ ప్రచారాన్ని నిషేధించిన రాణి. అందుకని ఎల్లిస్ చేతిలో బైబిల్ కంటే కెమెరాయే ముందుంది. రేవు పట్టణం తమతావ్‌లోనూ, 1856లో రాజధాని అంతననరివోలోనూ జనం తమ ఫొటోలు తీయమని ఆయన దగ్గరికి వచ్చేవారు. తామే వచ్చి అడిగారండీ! అధికారులు, వాళ్ళ భార్యలు, యువరాజు రకోతో పరివారం, మంచి లంబా కప్పుకుని, జుట్టు అల్లుకుని వచ్చేవారు. లంబా అంటే ఒంటి చుట్టూ కప్పుకునే వారి వస్త్రం. ఏ లంబా కప్పుకోవాలి, ఎలా కప్పుకోవాలి, పక్కన ఎవరు నిలబడాలి అన్నది వచ్చినవాళ్ళ ఇష్టం. ఆ ఫొటోలు చూసేటప్పుడు 'మిషనరీ చూపు' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తే, ఖర్చుపెట్టి ముస్తాబై వచ్చిన ఆ మనుషుల్ని మనం రెండోసారి చెరిపేసినట్టే.

కానీ ఎల్లిస్ ఫొటోలు ఇంగ్లండ్ పాఠకులకు చేరిన దారి చూడండి. ఆయన పుస్తకం 1858లో వచ్చింది. అప్పటికి ఫొటోను అక్షరాలతో కలిపి ముద్రించే సాంకేతికం లేదు. అందుకని చెక్కపని చేసే కళాకారుడు ఫొటోను చూసి చెక్క దిమ్మ మీద గీతలుగా చెక్కాలి. ఆయన ఆఫ్రికా చూసినవాడు కాదు. మసకగా ఉన్న వెనుక భాగం స్థానంలో కొబ్బరి చెట్టు పెట్టవచ్చు, రెండు పలకల్లోని మనుషుల్ని ఒకే గుంపు చేయవచ్చు, బట్టల నేతను సున్నితం చేయవచ్చు, ముఖాన్ని తనకు అలవాటైన ముఖంగా దిద్దవచ్చు. కింద మాత్రం 'ఫొటో నుంచి' అని అచ్చు వేస్తారు. ఆ రెండు మాటలు చూసి పాఠకుడు దాన్ని సాక్ష్యం అనుకుంటాడు. 1880, 90లలో హాఫ్‌టోన్ ముద్రణ, అంటే ఫొటోను సన్నని చుక్కలుగా మార్చి అక్షరాలతో కలిపి అచ్చువేసే పద్ధతి, వచ్చేదాకా ఇదే పరిస్థితి. కాబట్టి 1880కి ముందు మిషన్ పత్రికలో బొమ్మ దొరికితే, దాని అసలు ప్రింటు ఆర్కైవ్‌లో ఉందేమో వెతికి రెండూ పక్కపక్కన పెట్టకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

ఇప్పుడు రంగు సంగతి. ఇది చాలామంది వదిలేసే విషయం, విద్యార్థులు దయచేసి రాసుకోండి. తడి పలక గానీ తొలి పొడి పలక గానీ అన్ని రంగుల్నీ ఒకేలా చూడదు. నీలాన్ని, ఊదాను, కంటికి కనిపించని అతినీలలోహితాన్ని బాగా పట్టుకుంటుంది. పసుపుకు, ఎరుపుకు దాదాపు గుడ్డిది. దాంతో ఏమవుతుంది? ఆకాశం తెల్లగా పాలిపోతుంది. నీలం పూసలు తెల్ల పూసల్లా కనబడతాయి. ఎర్ర పూసలు, పసుపు పూసలు నల్లబడతాయి. ఎర్ర చెక్క పొడి నూనెలో కలిపి ఒంటికి పూసుకున్న మనిషి ఉన్నదానికంటే చాలా నల్లగా వస్తాడు. గోధుమ రంగు చర్మంలో ఉండే ఎరుపు, పసుపు ఛాయలు పలకకు అందవు కాబట్టి ఆ చర్మంలోని మెరుపంతా పోతుంది. ఆకుపచ్చకు స్పందించే ఆర్థోక్రోమాటిక్ పలకలు 1880లలో అంగళ్ళకొచ్చాయి, ఎరుపునూ చూడగల పాన్‌క్రోమాటిక్ పలకలు 1906 తర్వాతే. ఫొటో చూసి పూసల రంగు మీద వ్యాసాలు రాయడం ఎంత ప్రమాదమో మీకే తెలుస్తుంది.

దీనికి తోడు వెలుతురు లెక్క. తెల్ల అంగీలు తొడుక్కున్న బడిపిల్లలు, మధ్యలో తెల్ల సూటులో మిషనరీ. ఎండ నిట్టనిలువుగా ఉంది. బట్టల మడతలు కనబడేలా వెలుతురు లెక్క కడితే, నెగటివ్‌లో పిల్లల ముఖాలున్నచోట వెండి చేరదు, ఉత్త గాజు మిగులుతుంది. ఆ గాజు నుంచి ఎన్ని ప్రింట్లు తీసినా నల్ల మచ్చే వస్తుంది. ముఖాలు రావాలంటే వాళ్ళను వరండా నీడలోకి తెచ్చి, పక్క నుంచి వెలుతురు పడేలా చేసి, రెండు మూడింతలు ఎక్కువ సేపు తీయాలి. బట్టలు తెల్లగా కొట్టేస్తే కొట్టేయనీ అనుకోవాలి. అంటే ముఖాలు ముఖ్యమా, బట్టలు ముఖ్యమా అన్న నిర్ణయం ఫొటో తీసినాయన ఆ క్షణంలో చేశాడు, దాని గుర్తు గాజు మీద మిగిలింది. నల్లని ముద్దలా ఉన్న ముఖాన్ని చూసి 'పాతది కదా, పాడైంది' అనకండి. కొన్నిసార్లు అది పాడవడం కాదు, ఎంపిక.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పలక, అంటే ఇందాక అన్న పొడి పలక, ప్రతిపాదించాడు. 1880 నాటికి అవి కర్మాగారాల్లో తయారై డబ్బాల్లో వచ్చేవి. ఇక గుడారంలో పరుగులు లేవు, తీసిన పలకను కొన్ని వారాల తర్వాత కడుక్కోవచ్చు. సెకనులో చిన్న వంతులోనే ఫొటో పడుతుంది. 1888లో కోడక్ చేతి కెమెరా వచ్చింది. మిషనరీ ఫొటోలు వేలల్లోకి పోయింది అప్పుడే. అయితే జెలటిన్‌కు వేరే జబ్బులున్నాయి. నీళ్ళు 27, 28 డిగ్రీలు దాటితే పొర ఉబ్బుతుంది, అంచుల దగ్గర కుచ్చుల్లా లేస్తుంది, ఇంకా వేడెక్కితే జారి తొట్టిలో పడుతుంది. అందుకే తెల్లవారుజామున కడగడం, మట్టికుండలో చల్లబరచిన నీళ్ళు వాడటం, పటిక ద్రావణంలో ముంచి పొరను గట్టిపరచడం నేర్చుకున్నారు. వానాకాలంలో బూజు. బూజు జెలటిన్‌ను తింటుంది, పురుగులూ తింటాయి. రేకు డబ్బాకు మాటు వేయించి ఓడెక్కించకపోతే యూరప్ చేరేసరికి సగం బొమ్మే మిగులుతుంది. సాలెగూడు లాంటి మచ్చలున్న పలక కనబడితే అది ఉష్ణదేశంలో ఒకటి రెండు వానలు చూసిన పలక అని అర్థం.

సరే, తీశారు. ఎవరి కోసం? తమ దేశంలో ఉన్న చందాదారుల కోసం. మిషన్ పత్రికలు, గోడ పటాలు, ఆదివారం బడి బహుమతి కార్డులు, 1900 తర్వాత పోస్టుకార్డులు. చందా ఇచ్చేవాడికి రెండు విషయాలు కనబడాలి: పని అవసరం ఉంది, పని జరుగుతోంది. అందుకే 'మునుపు', 'ఇప్పుడు' అనే జంట ఫొటోల అచ్చు ఒకటి పుట్టింది. ఎడమవైపు బట్టలు లేని పిల్లవాడు, కుడివైపు చొక్కా తొడుక్కుని పుస్తకం పట్టుకున్న పిల్లవాడు. ఈ అలవాటు ఆఫ్రికాలో పుట్టలేదు. లండన్‌లో అనాథ పిల్లల ఆశ్రమాలు నడిపిన బర్నార్డో ఇలాంటి జంటలు అమ్మేవాడు. వాటిలో కొన్ని కల్పించి తీసినవని 1877లో మధ్యవర్తుల విచారణ తేల్చింది. కాబట్టి జంట దొరికితే ముందు చెవి ఆకారం, కనుబొమ్మల మధ్య దూరం, మచ్చలు సరిపోల్చండి. ఒకే మనిషేనా? తర్వాత వెనుక గోడ, చాప చూడండి. ఏళ్ళ తేడా అని చెప్పిన రెండు ఫొటోల వెనుకా ఒకే చాప, అదే చిరుగుతో వేలాడుతోందంటే అవి ఒకే పూట తీసినవి కావచ్చు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అదే కాలంలో శాస్త్రం పేరుతో ఇంకో రకం ఫొటోలు వచ్చాయి. 1869లో జె. హెచ్. లాంప్రే అనే ఆయన, పట్టుదారాలతో రెండేసి అంగుళాల గళ్ళు కట్టిన చట్రం ముందు మనిషిని బట్టలు లేకుండా నిలబెట్టి కొలవాలన్నాడు. జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ కూడా ఆ ఏడే బ్రిటిష్ వలసల నుంచి అలాంటి కొలత ఫొటోలు తెప్పించాలని పథకం వేశాడు. మిషనరీ ఫొటోలు ఎక్కువభాగం అలాంటివి కావు. మారిన మనిషిని చూపించాలంటే ముందు అతన్ని మనిషిగా ఒప్పుకోవాలి కదా. జాంబెజీ యాత్రలో 1858లో మిషనరీ, యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ తన తమ్ముడు ఛార్లెస్‌కు ఫొటోల గురించి ఇచ్చిన ఆదేశంలో, అందవికారంగా ఉన్నవాళ్ళను ఏరుకోవద్దు, మనలో చేసినట్టే మెరుగైన వర్గాన్ని తీయి అని ఉంది. అదే ఆదేశంలో 'జాతుల నమూనాలు' అన్న మాటా ఉంది. ఒకే కాగితం మీద గౌరవమూ ఉంది, నమూనా సేకరణా ఉంది. ఏదో ఒకటే చూపించి తీర్పు చెప్పడం తేలిక, కానీ కాగితంలో ఉన్నవి రెండూనూ.

ఇప్పుడు కామెరూన్ వెళ్దాం. ఫుంబాన్ పట్టణం, బాముమ్ రాజ్యం. రాజు న్జోయా. 1896 ప్రాంతంలో తన భాషకు సొంత లిపి తయారు చేయించిన రాజు. బాసెల్ మిషన్ అక్కడికి 1906లో వెళ్ళింది. న్జోయాకు ఫొటో బలం బాగా తెలుసు. తండ్రి నాటి పూసల సింహాసనం పక్కన, కోట ముందు తీసిన ఫొటోలున్నాయి. జర్మన్ తరహా యూనిఫాంలో తీసినవి ఉన్నాయి. తర్వాతి ఏళ్ళ ఫొటోల్లో ఉత్తరాది ముస్లిం పాలకుల్లా నిలువుటంగీ, తలపాగా. బట్టలు మారినప్పుడల్లా రాజకీయం మారింది. అప్పటికి కామెరూన్ జర్మన్ల వలస. జర్మన్లతో స్నేహం చూపించవలసినప్పుడు ఒకటి, వాళ్ళ నుంచి కొంత ఎడంగా నిలబడాలనుకున్నప్పుడు మరొకటి. 1908లో ఆ సింహాసనం జర్మనీ చక్రవర్తికి బహుమతిగా పోయింది, ఇవాళ బెర్లిన్‌లో ఉంది. తేదీ లేని న్జోయా ఫొటో దొరికితే ముందు సింహాసనం, తర్వాత బట్టలు చూసి కాలం కట్టవచ్చు. ఇక్కడ ఫొటో తీసినాయన కంటే తీయించుకున్నాయన ఎక్కువ నిర్ణయించాడు.

ఆ ఫుంబాన్‌కే 1911లో అన్నా వుర్మన్ అనే స్విస్ ఉపాధ్యాయిని వచ్చింది, ఆడపిల్లల బడి కోసం. 1915 దాకా ఉంది. ఆమె తీసిన ముఖచిత్రాలు ఈ మొత్తం సేకరణలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోస్తాయి. ఎందుకు? దగ్గరగా తీసింది. మెత్తని వెలుతురులో తీసింది. చర్మంలో నీడలు ఒక్కొక్కటీ పలికాయి. అంతకంటే పెద్ద సంగతి, ఆమెకు ఆ మనుషుల భాష వచ్చు, పేర్లు తెలుసు, చాలాచోట్ల రాసింది కూడా. అదే సేకరణలో మరో మిషనరీ ఫొటోకు 'ఆఫ్రికన్ స్త్రీ' అని మాత్రమే ఉంటే, వుర్మన్ ఫొటోకు ఫలానా రాణి, ఫలానా అధికారి కూతురు అని ఉంటుంది. రాజమాత న్జాపుందుంకే లాంటి వ్యక్తి బాముమ్ రాజకీయంలో ఎంత బరువున్న మనిషో తెలియాలంటే ఆ పేరు ఉండాలి కదండీ. పేరుంటే వంశం దొరుకుతుంది, వంశం దొరికితే మనవలు దొరుకుతారు. పేరు లేకపోతే ఆ ఫొటోలో మిగిలేది బట్టలూ నగలే.

ఒక్క చిన్న మాట ఆఫ్రికన్ ఫొటోగ్రాఫర్ల గురించి. కెమెరా వెనుక ఎప్పుడూ తెల్లవాళ్ళే ఉన్నారనుకోవడం తప్పు. అక్రా తీరంలో లటెరోట్ కుటుంబం స్టూడియోలు నడిపింది. నీల్స్ వాల్విన్ హోల్మ్ అక్రా నుంచి లాగోస్ వెళ్ళి స్టూడియో పెట్టాడు. ఫ్రీటౌన్‌లో అల్ఫాన్సో లిస్క్ కేర్యూ 1905 నుంచి. మిషనరీలు ఇలాంటివాళ్ళ దగ్గర ప్రింట్లు కొనుక్కుని తమ ఆల్బంలో అంటించుకునేవారు. తర్వాత ఆల్బం ఆర్కైవ్‌కు వస్తే, సూచికలో ఫొటో తీసినవాడి గడిలో ఆల్బం యజమాని పేరు పడిపోయింది. ఎల్లిస్ కాలంలో గాజు కడిగినవాళ్ళు, గుడారం పట్టినవాళ్ళు, జనాన్ని నచ్చజెప్పి కూర్చోబెట్టినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉత్తరంలో ఒకసారి కనబడతాయేమో వెతకాలి.

ఇక కాంగో. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి, గుండె చిక్కబట్టుకోండి. 1885 నుంచి 1908 దాకా కాంగో దేశం మొత్తం బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. రబ్బరు కోసం ఊళ్ళ మీద కోటా పెట్టారు. తేకపోతే సాయుధ కాపలావాళ్ళు దాడి చేసేవారు. పేల్చిన ప్రతి తూటాకూ లెక్కగా కోసిన కుడిచెయ్యి చూపమనే అలవాటు ఉండేది. 'కాంగో బలోలో మిషన్' అనే సంస్థ తరఫున 1898లో అక్కడికి వెళ్ళిన దంపతులు జాన్ హారిస్, ఆలిస్ సీలీ హారిస్. 1904 మే నెలలో బరింగా మిషన్‌కు న్సోంగో జిల్లా వాలా ఊరి మనిషి వచ్చాడు. పేరు న్సాలా. ఆకులో చుట్టి ఒక చిన్న చెయ్యి, పాదం తెచ్చాడు. అవి ఆయన అయిదేళ్ళ కూతురు బోఅలి చెయ్యి, పాదం. ఆబిర్ అనే రబ్బరు కంపెనీ కాపలావాళ్ళు ఆమెనూ, ఆమె తల్లినీ చంపారు. ఆలిస్ హారిస్ ఆయన్ని వరండా అంచున కూర్చోబెట్టి ఫొటో తీసింది. ఆయన పక్కకు తిరిగి, కింద పెట్టిన ఆ చెయ్యినీ పాదాన్నీ చూస్తుంటాడు.

కూర్చోబెట్టి తీసింది అన్నాను, గమనించారా? ఎంచి తీసిన కోణం అది. వరండా వెలుతురు తెలిసిన చెయ్యి తీసింది. అయితే అది కల్పితమా? కాదు. కూర్చోబెట్టడం వేరు, కల్పించడం వేరు. కాంగో నుంచి వచ్చిన ఇతర ఫొటోల్లో చెయ్యి పోయిన పిల్లల్ని తెల్లగుడ్డ కప్పి, మొండిచెయ్యి ఆ తెలుపు మీద ఆనేలా నిలబెట్టారు. ఎందుకు? నల్లని ఒంటి ముందు నల్లని మొండిచెయ్యి ఆ నాటి పలక మీద కలిసిపోతుంది. తెలుపు మీదైతే అంచు స్పష్టంగా తెగుతుంది. ఇందాక చెప్పిన రంగు లెక్కే, ఇక్కడ సాక్ష్యం కోసం వాడారు.

కానీ ఒక్క ఫొటోతో కేసు గెలవదు. ఎపోండో అనే కుర్రవాడి చెయ్యి పోయిన ఫొటోను బయటపెడితే, కాంగో ప్రభుత్వం అది అడవిపంది కొరికిన గాయమని వాదించింది. ఫొటో ఏం చూపిస్తుంది? చెయ్యి లేదని చూపిస్తుంది. ఎవరు నరికారో చూపించదు. ఆ ఖాళీని నింపేది పేరు, ఊరు, తేదీ, సాక్షుల వాంగ్మూలం. న్సాలా ఫొటో అంత గట్టిగా నిలబడటానికి కారణం ఆయన పేరు, ఊరి పేరు, కూతురి పేరు, కంపెనీ పేరు మొదటి రోజు నుంచీ దాంతోపాటే ఉన్నాయి. 'ఒక బాధితుడు' అని రాసి ఉంటే ఇవాళ మనం ఇక్కడ ఆ పాప పేరు పలికేవాళ్ళమా?

ఆ ఫొటోలు జనంలోకి వెళ్ళింది లాంతరు స్లైడ్లుగా. మూడుంపావు అంగుళాల చదరపు గాజు ముక్క మీద బొమ్మ, పైన మరో గాజు మూత, అంచులకు నల్ల కాగితం పట్టీ. బ్రాడ్‌ఫర్డ్‌లో రైలీ బ్రదర్స్ కంపెనీ ఈ కాంగో ప్రసంగానికి అరవై స్లైడ్ల సెట్టు, వాటితోపాటు చదవవలసిన ప్రసంగ పాఠం తయారు చేసింది. 1904లో పుట్టిన కాంగో రిఫార్మ్ అసోసియేషన్ సభల్లో హారిస్ దంపతులు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఈ స్లైడ్లు వేసి మాట్లాడారు. లియోపోల్డ్ తానే నియమించిన విచారణ సంఘం కూడా 1905లో దౌర్జన్యాలు నిజమేనని నివేదిక ఇచ్చింది. 1908 నవంబరులో దేశం రాజు చేతి నుంచి బెల్జియం ప్రభుత్వం చేతికి పోయింది. ఒకటి మాత్రం చెప్పాలి. చీకటి హాల్లో అరవై స్లైడ్ల వరసలో చూసిన ప్రేక్షకుడికి కాంగో మనిషి అంటే దెబ్బ తిన్న శరీరమే మిగిలింది. అదే ఊళ్ళ మనుషులు ఎదురు తిరిగిందీ, అడవుల్లోకి వెళ్ళి పోరాడిందీ ఆ పెట్టెలో లేదు. మేలు చేసిన ఫొటోలకు కూడా ఇలాంటి అప్పు ఒకటి ఉంటుంది.

చివరగా, ఇలాంటి ఫొటో మీ చేతికొస్తే ఏం చేయాలి? ముందు వెనక్కి తిప్పండి. పెన్సిలు రాతలు, నంబర్లు, ముద్రలు వెనకే ఉంటాయి. గాజు పలక అయితే అంచులు చూడండి. తడి పలకకు ఒక మూల బొటనవేలితో పట్టుకున్నచోట మందు ఉండదు, అంచులో పొర సమంగా పారదు. కర్మాగారపు జెలటిన్ పలకకు అంచుదాకా పొర ఒకేలా ఉంటుంది. కాగితం పసుపుబారి, పైన గుడ్డు తెల్లసొన నిగనిగ ఉంటే అది ఆల్బ్యుమెన్, ఎక్కువగా 1895కి ముందుది. భూతద్దం కింద చుక్కలు కనబడితే అది హాఫ్‌టోన్ అచ్చు, అసలు ఫొటో ప్రింటు కాదు. పోస్టుకార్డు వెనుక నిలువుగీతతో రెండు భాగాలుంటే 1902 తర్వాతది. నీడ ఎటు పడిందో చూడండి, పక్కవాళ్ళ పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి, అంచున కత్తిరించిన చెయ్యి ఎవరిదో అడగండి. పత్రికలో వేసేటప్పుడు గుంపులోంచి ఒక్కరిని కత్తిరించడం మామూలు. వీలైతే ఆర్కైవ్ నుంచి అంచులతో సహా పూర్తి స్కాన్ అడగండి, వెబ్‌సైట్‌లోవి తరచు అంచులు కోసినవి.

తర్వాత శీర్షిక. పాత శీర్షికలో ఇవాళ మనం నోట పలకని మాటలుంటాయి. వాటిని చెరిపేయకండి. ఎవరు ఎప్పుడు రాశారో తెలిస్తే ఆ తేదీతో, కొటేషన్ గుర్తుల్లో ఉంచి, దాని కింద మీరు తేల్చినది వేరుగా రాయండి. ఒకే ఫొటో 1890లో ఒక శీర్షికతో, 1910లో ఇంకో శీర్షికతో వచ్చి ఉంటే రెండూ రాయండి. మనిషి పేరు దొరికితే ఆ భాషవాళ్ళు రాసుకునే తీరులో రాయండి. దొరకకపోతే 'పేరు నమోదు కాలేదు' అని రాయండి, 'అజ్ఞాత స్త్రీ' అని కాదు, పేరు ఆమెకు ఉంది, రాయనిది ఫొటో తీసినవాళ్ళు. బాసెల్ మిషన్ ఫొటోలు, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు పలు మిషన్ల నుంచి పోగుచేసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఊరి పేరుతో వెతికేటప్పుడు జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మూడు వర్ణక్రమాలూ వేసి చూడండి. ఫుంబాన్‌కే మూడు నాలుగు రకాల రాత ఉంది, ఒకటే వేస్తే సగం ఫొటోలు రావు. ఇక మీ ప్రశ్నలు తీసుకుందాం.